పరిస్థితి సున్నితం, అడగవద్దు

పొద్దున్న ఆరుకు పది నిమిషాలు. స్టేషన్ మాస్టరు కళ్ళు మూసుకుని, ఊపిరి కొలిచి వదులుతూ, గాఢనిద్రలో ఉన్నట్టు నటిస్తున్నాడు. ఈ నటనలో ఆయనకు ఏడు నెలల అనుభవం ఉంది.

గదిలో ఆయన భార్య మునివేళ్ళ మీద తిరుగుతోంది. బీరువా తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. సంచిలో తువ్వాలు పడింది, దాని మీద ఈత టోపీ పడింది. వీధి తలుపు మెత్తగా మూసుకుంది. అప్పుడు కళ్ళు తెరిచి పైకప్పు కేసి చూశాడు. ఇక ఏడున్నర దాకా ఆ ఇంట్లో ఆయనా, గోడ గడియారమూ.

ఆయనవి జీవితమంతా రాత్రి డ్యూటీలు. ముందు రైల్వే స్టేషన్లో, అక్కడ రిటైరయ్యాక ఒక పెద్ద గోదాములో. తెల్లారి ఇల్లు చేరేసరికి ఆవిడ కూతురికి జడ వేస్తూనో, కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు పూర్తి చేస్తూనో ఉండేది. చేతిలో కాఫీ పెట్టి, "తాగి పడుకోండి" అనేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా కాఫీ తాగిన పొద్దున్నలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ లోటంతా తీర్చుకుందామనే ఆయన గోదాము ఉద్యోగం మానేశాడు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళ కోసం కట్టిన ఈ కాలనీకి వచ్చారు.

వచ్చిన రోజే క్లబ్బు చూపించారు. క్యారమ్స్ హాలు, లైబ్రరీ, కుట్లు నేర్పే గది, ఎవరికీ ఆడటం రాని బిలియర్డ్స్ బల్ల, స్వెట్టర్లు ఆరేసుకోవడానికి బాగా పనికొచ్చే వ్యాయామ యంత్రాలు. చివర్లో స్విమ్మింగ్ పూల్. దాన్ని చూడగానే ఆవిడ, "మా పుట్టింటి పక్కనే కాలువ ఉండేదండీ" అని మురిసిపోయింది. మర్నాటి నుంచే ఆరింటికి సంచి పట్టుకుని బయల్దేరింది.

"వెళ్ళకు" అంటే మానేస్తుంది. అది ఆయనకు తెలుసు. అందుకే అనలేదు. "నేనూ వస్తా" అందామంటే ఆయనకు ఈత రాదు. గట్టు మీద కూర్చుంటే సంచి కాపలాకు వచ్చాడనుకుంటారు. ఏడు నెలలు ఆలోచించి, ఆ పొద్దున్న పైకప్పు కేసి చూస్తూ ఒక పథకం ఖాయం చేసుకున్నాడు. రహస్యంగా ఈత నేర్చుకోవాలి. ఒకరోజు ఆవిడ నీళ్ళలో ఉండగా పక్కకు ఈదుకుంటూ వెళ్ళి, "ఏమోయ్, కాఫీకి వస్తావా?" అనాలి.

పథకంలో చిక్కు ఒక్కటే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి రబ్బరు చక్రంలో ఇరుక్కుని కాళ్ళు కొట్టుకుంటుంటే నలుగురూ చూడకూడదు. ముఖ్యంగా పశువుల డాక్టరు చూడకూడదు. ఆ డాక్టరు ఆయనకు క్యారమ్స్ భాగస్వామి, శత్రువు, ప్రాణ స్నేహితుడు. ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటారు. ఒక్కసారి చూశాడంటే చచ్చేదాకా వెక్కిరిస్తాడు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా పూల్ మూసి ఉంటుంది. ఆ వేళకు కాలనీ కాలనీ అంతా కిటికీలు వేసుకుని కునుకు తీస్తుంది. ఆ గంట తనకు ఇమ్మని అడగాలంటే క్లబ్బు కార్యదర్శికి దరఖాస్తు పెట్టుకోవాలి. కార్యదర్శి మాజీ ప్రధానోపాధ్యాయురాలు. అందరూ పెద్ద టీచరమ్మ అంటారు. ఆవిడ దగ్గర గాలి పీల్చడానికి తప్ప అన్నిటికీ ఫారం ఉంది. పూల్ ఎవరికైనా విడిగా ఇవ్వాలంటే మూడు కారణాల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి: పోటీలు, వేడుకలు, వైద్యం. పోటీ ఒక్కడితో కుదరదు. వేడుక ఒక్కడితో బాగోదు. రోగమైతే ఒక్కడికే వస్తుంది. ఆయన మూడోదానికి టిక్కు పెట్టాడు.

దాని కింద 'డాక్టరు ధ్రువీకరణ' అని ఉంది. ఏ డాక్టరో రాయలేదు.

పదకొండింటికి క్యారమ్స్ బల్ల మీద ఆట మంచి రసపట్టులో ఉండగా కాగితం తీశాడు. "బావా, ఇక్కడో సంతకం పడెయ్."

"ఏంటిది? వైద్యమా? నీకేం రోగం? నిన్నటిదాకా దున్నలా ఉన్నావుగా!"

"అది చెప్పుకునేది కాదులే బావా."

డాక్టరు చేతిలో స్ట్రైకరు ఆగిపోయింది. మోకాలి నొప్పి గురించి ఒకసారి నలభై నిమిషాలు ఉపన్యాసం ఇచ్చిన మనిషి ఇతను. రోగం చెప్పుకోనంటున్నాడంటే అదెలాంటి రోగమై ఉండాలి? లేచి వచ్చి కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. చెవి వెనక తడిమాడు.

"మేత... అదే, తిండి సరిగ్గా తింటున్నావా?"

"రాయి తిన్నా అరుగుతోంది."

"చెల్లెమ్మకి తెలుసా?"

"తెలియకూడదు బావా! నీకు దణ్ణం పెడతా. దాని చెవిన పడిందంటే అంతా పాడైపోతుంది."

డాక్టరు తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. తర్వాత కలం తీసి, ముప్ఫై ఏళ్ళు గేదెలకూ గుర్రాలకూ సర్టిఫికెట్లు రాసిన గట్టి దస్తూరీతో రెండు ముక్కలు రాశాడు: 'పరిస్థితి సున్నితం. అడగవద్దు.' కింద సంతకం చేసి, ఆ ఆట ఓడిపోయాడు.

పెద్ద టీచరమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. 'అడగవద్దు' అనే మాట ఆవిడ పిల్లలకు కొన్ని వేలసార్లు చెప్పింది గానీ, ఎవరూ ఆవిడకు చెప్పిన పాపాన పోలేదు. ఏమీ అడగకుండానే పది రోజుల పాటు అనుమతి ఇచ్చేసింది. స్టేషన్ మాస్టరు గుమ్మం దాటగానే సొరుగు లాగి నీలం అట్ట పుస్తకం బయటికి తీసింది.

దాన్ని జాగ్రత్త పుస్తకం అంటారు. ఎప్పుడో ఒక పెద్దాయనకు పేకాటలో జోకరు దగ్గర మాటా మాటా పెరిగి గుండె పట్టేసిందట. అప్పట్నుంచీ ఒంట్లో బాగోలేనివాళ్ళ పేర్లు అందులో ఎక్కిస్తున్నారు. పేరెక్కిన మనిషితో ఎవరూ వాదించకూడదు. ఆటలో గెలవకూడదు. మంచి కుర్చీ ఇవ్వాలి. అడిగింది కాదనకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మనిషి ముందు పుస్తకం సంగతి ఎత్తకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు ఏడాది నిండేదాకా దాని గురించి చెప్పరు. కొత్తవాళ్ళు జాలిని మొహంలో దాచుకోలేరని పెద్ద టీచరమ్మ అభిప్రాయం. స్టేషన్ మాస్టరు దంపతులు వచ్చి ఏడు నెలలే అయింది.

ఈత నేర్పేది ఫైరాయన. అగ్నిమాపక దళంలో చేసి రిటైరయ్యాడు. సైరన్ మీంచి అరిచి అరిచి ఆయనకు గుసగుసలాడటం పోయింది. గొంతు ఎంత పెద్దదో నోరు అంత గట్టిది. చెప్పొద్దన్న మాట పీక తెగినా చెప్పడు.

"ఈ సంగతి మా ఆవిడకు తెలియకూడదు" అన్నాడు స్టేషన్ మాస్టరు, మొదటి రోజు మెట్టు మీద నిలబడి.

ఫైరాయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "సరే సార్!" అని అరిచి, ఎటో చూస్తూ మెడ గోక్కున్నాడు. "దిగండి! నీళ్ళేం కరవవు!"

మూడు రోజులు స్టేషన్ మాస్టరు ఇనప కడ్డీని వదల్లేదు. నాలుగో రోజు ఒక చెయ్యి వదిలాడు. ఐదో రోజు ఇంకో చెయ్యీ వదిలి, రెండు గుటకలు మింగి, మొత్తానికి తేలాడు. "కాళ్ళు! కాళ్ళు ఆడించండి సార్! ఎవరో తరుముతున్నట్టు!" అని ఫైరాయన గట్టు మీద గెంతాడు. ఇంటికి వెళ్ళేముందు స్టేషన్ మాస్టరు జుట్టు ఆరేదాకా లైబ్రరీలో కూర్చునేవాడు. ఎక్కడికెళ్ళారని భార్య అడిగితే "చదువుకుంటున్నా" అనేవాడు. అది అబద్ధం కాకూడదని ఒక పేజీ చదివేవాడు.

ఈలోగా క్లబ్బులో వింతలు మొదలయ్యాయి. క్యారమ్స్‌లో వరసగా పదకొండు ఆటలు గెలిచాడు. పశువుల డాక్టరు ఎర్ర కాయ గుంట అంచున ఉన్నా స్ట్రైకరును గోడకేసి కొడుతున్నాడు. లైబ్రరీలో కిటికీ పక్క పేము కుర్చీ కోసం ఇద్దరు మాజీ బ్యాంకు మేనేజర్లు రెండేళ్ళుగా మాటల్లేకుండా ఉన్నారు. ఆయన గుమ్మంలోకి రాగానే ఇద్దరూ ఒకేసారి లేచి ఆ కుర్చీ తుడిచి ఇచ్చారు. పేపరు మొదట ఆయన చేతికే వస్తోంది, పదకేళి కూడా ఎవరూ నింపకుండా. వరండాలో ట్యూబులైటు మిణుకుమంటోందని ఊరికే అన్నాడు. పది నిమిషాల్లో మార్చారు. రైల్వేలో అదే పనికి నాలుగేళ్ళు పట్టింది.

ఇదంతా ఎందుకో ఆయన బుర్రకు అందలేదు. నోటీసు బోర్డు చూశాక అందింది. వచ్చే నెల క్లబ్బు ఎన్నికలు.

'ఓహో' అనుకున్నాడు. 'నన్ను అధ్యక్షుణ్ణి చెయ్యాలని చూస్తున్నారన్నమాట!'

ఆయనకు పదవి మోజు లేదు. కానీ నలుగురూ పిలిచి పీట వేస్తుంటే తన్నేసేంత గర్వమూ లేదు. ఆ రోజు నుంచి నడకలో కాస్త నిదానం, మాటలో కాస్త గాంభీర్యం చేరాయి. చూసినవాళ్ళు, "పాపం, మనిషి బాగా తగ్గిపోయాడు" అనుకున్నారు.

ఆరో రోజు పెద్ద టీచరమ్మ ఆయన్ని వరండాలో ఆపింది. "మీలాంటి ధైర్యం నేనెక్కడా చూళ్ళేదండీ."

"ధైర్యం ఏముందండీ" అన్నాడాయన వినయంగా. "రాసిపెట్టి ఉంటే తప్పుతుందా? నలుగురూ మొయ్యడానికి సిద్ధంగా ఉన్నప్పుడు మనం కాదనకూడదు."

ఆవిడ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఎంత... ఎంత కాలం అనుకుంటున్నారు?"

"రెండేళ్ళు. ఆపైన ఇంకొకరికి చోటివ్వాలి కదా. పట్టుకుని వేలాడటం నాకు గిట్టదు."

ఆవిడ చేతిరుమాలు తీసింది. "మీకేదైనా కోరిక ఉందా? మొహమాటపడకుండా చెప్పండి."

ఆయన ఆలోచించాడు. "నేను దిగిపోయేలోగా ఆ బిలియర్డ్స్ బల్ల బాగు చేయిస్తే చూడాలని ఉందండీ."

ఆ సాయంత్రానికే బల్లకు కొత్త ఆకుపచ్చ గుడ్డ పడింది. కర్రలు వచ్చాయి. అయినా ఆడటం ఎవరికీ రాదు కాబట్టి అందరూ చుట్టూ నిలబడి దాన్ని చూశారు.

కుట్లు గదిలో అదే సాయంత్రం జరిగిన సంగతి ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది. భార్య సూదిలో దారం ఎక్కిస్తుండగా పెద్ద టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"గుండె ఎలా చిక్కబట్టుకున్నావమ్మా?"

"దేనికండీ?"

"నా దగ్గర కూడా ఎందుకు దాపరికం? ఆయనే చెప్పారు, రెండేళ్ళని. రోజూ రెండింటికి పూల్లో చేస్తున్న వైద్యం ఏమన్నా గుణం కనిపిస్తోందా?"

సూది ఆవిడ వేలిలో దిగింది. "పూల్లోనా? ఆయనా? స్నానానికి బకెట్టు నిండా నీళ్ళు పెడితే సగం వెనక్కి పోసే మనిషండీ!" అని, అంతలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఒకటి నేర్చుకుంది. ఆయన దాచిన సంగతి ఆయనంతట ఆయన చెప్పాలే గానీ, అడిగితే ఇంకా లోపలికి తోసేస్తాడు. కాబట్టి అడగదు. ఎదురుచూస్తుంది.

ఆ రాత్రి నుంచి ఇంట్లో తిట్లు ఆగిపోయాయి.

మొదట ఆయన గమనించలేదు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఆవిడ తీసి, కాసేపు గుండెకు హత్తుకుని, దండెం మీద వేసింది. స్నానాల గదిలో లైటు ఆర్పకపోతే తనే ఆర్పింది. వార్తలు చూస్తూ టీవీలో మనిషితో ఆయన కొట్లాడుతుంటే, "అలాగే అడగండి, బాగా అడిగారు" అంది.

ఆయన టీవీ కట్టేశాడు. రైలు రావాల్సిన వేళకు రాకపోతే స్టేషన్ మాస్టరుకు ఎంత భయమో, తిట్టు రావాల్సిన వేళకు రాకపోతే మొగుడికి అంతకు పదింతలు. పరీక్షించి చూద్దామని మర్నాడు తన బూట్లు తీసుకొచ్చి భోజనాల బల్ల మీద, ఉప్పుడబ్బా పక్కన పెట్టాడు.

ఆవిడ చూసింది. "ఇక్కడ ఎండ బాగా పడుతుందని పెట్టారా? మంచి పని చేశారు" అంది.

ఆయన బూట్లు తీసుకుని నెమ్మదిగా గదిలోకి వెళ్ళి మంచం మీద కూలబడ్డాడు. ఇంకేముంది, మనిషికి ఏదో అయింది! పూల్ నుంచి తిరిగొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. అడిగితే, "నీళ్ళలో మందు కలుపుతారు కదండీ" అంటుంది. ఏడు నెలలుగా కలుపుతూనే ఉన్నారు, అప్పుడు ఎర్రబడని కళ్ళు ఇప్పుడెందుకు ఎర్రబడతాయి? ఏదో పెద్ద జబ్బే దాస్తోంది. తను పిచ్చివాడిలా ఈత నేర్చుకుంటూ, అధ్యక్షోపన్యాసం రాసుకుంటూ కూర్చున్నాడు.

పదో రోజు పొద్దున్న తిన్నగా కార్యదర్శి గదికి వెళ్ళాడు. "మేడమ్, మా ఆవిడకు ఒంట్లో బాగోలేదు. నా దగ్గర దాస్తోంది."

"ఏమైంది?" పెద్ద టీచరమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"తిట్టడం మానేసింది."

"అయ్యో!"

"బూట్లు భోజనాల బల్ల మీద పెట్టానండీ. మంచి పని చేశారంది." ఆయన రెండు చేతులూ జోడించాడు. "నాకేమైపోయినా ఫర్వాలేదండీ. నేనున్నా లేకపోయినా అది చల్లగా ఉండాలి. కాస్త కనిపెట్టి ఉండండి."

ఆయన వెళ్ళాక పెద్ద టీచరమ్మ నీలం పుస్తకం తీసి, ఆయన పేరు కిందే భార్య పేరూ రాసింది. మొగుడూ పెళ్ళాం ఒకే పేజీలోకి ఎక్కడం ఆ పుస్తకం చరిత్రలో లేదు. ఒంటిగంటకు కమిటీని పిలిచింది. వైద్యానికి ఇవాళ ఆఖరి రోజు కాబట్టి పూల్ దగ్గరికి అందరూ వెళ్ళి ధైర్యం చెప్పాలని తీర్మానించారు. రెండుకు పది నిమిషాలుందనగా ఆవిడ భార్యకు ఫోన్ చేసింది.

"ఏమన్నారో తెలుసామ్మా? 'నేను లేకపోయినా అది చల్లగా ఉండాలి' అన్నారు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత, "ఇక చాలు. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి" అన్న మాట వినిపించింది.

రెండూ పదికి స్టేషన్ మాస్టరు పూల్లో ఉన్నాడు. రబ్బరు చక్రం తీసేసి ఇటు గట్టు నుంచి అటు గట్టు దాకా వెళ్ళాలి, అది ఆ రోజు పరీక్ష. మనసేమీ బాగోలేదు. కానీ ఇప్పుడు ఇంకా గట్టి కారణం ఉంది. ఆవిడకు ఏ జబ్బున్నా సరే, ఇకమీదట పొద్దున్న ఆరింటికి పక్కన తను ఉండాలి. గట్టు మీద కాదు, నీళ్ళలో.

అప్పుడు గేటు తెరుచుకుంది. ముందు పెద్ద టీచరమ్మ, చేతిలో పూలగుత్తి. వెనక పశువుల డాక్టరు, చేతిలో ఎద్దుల సూదులు పట్టేంత పెద్ద సంచి. వాళ్ళ వెనక ఇద్దరు బ్యాంకు మేనేజర్లు చెరో వైపు పట్టుకుని పేము కుర్చీ మోసుకొస్తున్నారు. ఆ వెనక ఇంకో ఇరవై మంది తలలు దించుకుని నడుస్తున్నారు.

స్టేషన్ మాస్టరు గడ్డం దాకా నీళ్ళలోకి జారాడు. నామినేషన్! ఇప్పుడా? ఇక్కడా? ఒంటి మీద చెడ్డీ తప్ప ఏమీ లేని వేళా? కానీ ఇంతమంది వచ్చాక వెనక్కి పంపడం మర్యాద కాదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఉన్న నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నాడు.

"మీరంతా నా మీద ఇంత అభిమానం పెట్టుకున్నారని..." అని మొదలుపెట్టాడు.

జనంలోంచి ఎవరో వెక్కారు.

"...ఈ భారం మోసే శక్తి నాకుందో లేదో తెలియదు. కానీ మీరందరూ ఏకగ్రీవంగా..."

"ఏమండీ!"

ఇరవై మందినీ మోచేతులతో తప్పించుకుని భార్య గట్టు అంచుకు వచ్చింది. జుట్టు రేగిపోయింది. ఒక కాలికే చెప్పుంది. ఆవిణ్ణి చూడగానే ఆయన రెండు చేతులూ ఎత్తాడు. కడ్డీ వదిలేశాడు. నీళ్ళు ఆయన్ని చప్పున మింగాయి.

"ఏమండోయ్!" అని ఆవిడ కట్టుబట్టలతో దూకేసింది.

గట్టు మీద ఫైరాయన పది రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్క కేకలో బయటికొచ్చింది. "సార్! అమ్మగారికి ఈత రాదు సార్!"

స్టేషన్ మాస్టరు అప్పుడే తల పైకెత్తాడు. ముక్కులో నీళ్ళు, చెవుల్లో నీళ్ళు. కానీ ఆ మాట మాత్రం సూటిగా లోపలికి వెళ్ళింది. అల్లంత దూరంలో ఒక చెయ్యి పైకి లేచి మునిగింది. అంతే. కాళ్ళు ఎలా ఆడించాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఏదీ గుర్తు రాలేదు. ఏడు బారలు వేశాడు. ఫైరాయన తర్వాత ప్రమాణం చేసి చెప్పాడు, అంత చక్కగా ఎవరూ వేయగా చూడలేదని. చేరుకుని ఆవిణ్ణి పట్టుకున్నాడు. ఆవిడ ఆయన మెడ పట్టుకుంది. ఇద్దరూ కలిసి మునిగారు.

"నిలబడండి!" అని అరిచాడు ఫైరాయన. "నాలుగడుగులే సార్! నిలబడండి!"

ఇద్దరూ నిలబడ్డారు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. ఒకరి భుజం ఒకరు పట్టుకుని దగ్గారు.

"నీకు ఈత రాదా?" అన్నాడాయన.

"మీకు వచ్చా?" అంది ఆవిడ.

"పది రోజులుగా నేర్చుకుంటున్నా. నీ పక్కన ఈదాలని. మరి నీకు... పుట్టింటి పక్కన కాలువ ఉండేదన్నావుగా?"

"కాలువ ఉండేదన్నాను. దిగానని అన్నానా? గట్టు మీద కూర్చునేదాన్ని."

"మరి రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి ఏం చేస్తావ్?"

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. "అదుగో, ఆ బెంచీ మీద కూర్చుంటా. వచ్చేటప్పుడు తువ్వాలు కుళాయి కింద తడుపుకుని వస్తా."

"ఎందుకోయ్?"

"మీరు పడుకోవాలని. జన్మంతా రాత్రిళ్ళు మేలుకున్నారు. ఇప్పుడైనా ఏడున్నర దాకా కంటినిండా పడుకుంటారని. నేనింట్లో ఉంటే గిన్నె చప్పుడవుతుంది, కుళాయి చప్పుడవుతుంది. అందుకే వచ్చేస్తున్నా. ఫైరాయన చేత ఒట్టు కూడా వేయించుకున్నా, మీకు చెప్పొద్దని."

"నా చేత ఇద్దరూ వేయించుకున్నారు!" అని ఫైరాయన గట్టు మీద చతికిలబడ్డాడు. "చచ్చిపోయానండీ పది రోజులూ!"

స్టేషన్ మాస్టరు భార్య కేసి అలాగే చూశాడు. "నేను ఐదింటికే లేస్తానే."

"మరి కళ్ళు మూసుకుని...?"

"నేను లేచానని తెలిస్తే నువ్వు ఉండిపోతావు. నీ సరదా నేనెందుకు పాడుచెయ్యాలని. నువ్వు వెళ్ళేదాకా పడుకున్నట్టు ఉంటా."

ఏడు నెలలు. రోజుకు గంటన్నర. ఒకరు బెంచీ మీద, ఒకరు మంచం మీద. ఇద్దరూ ఒకరి సుఖం కోసం ఇంకొకరు గడియారం చూసుకుంటూ.

"అయితే బావా," అన్నాడు పశువుల డాక్టరు గట్టు మీంచి, చాలా నెమ్మదిగా, "నీకు రోగం లేదా?"

"ఏ రోగం?"

"రెండేళ్ళన్నారుగా!" అంది పెద్ద టీచరమ్మ.

"అది అధ్యక్ష పదవి కదండీ, రెండేళ్ళేగా?"

"అధ్యక్షుడా? మీరా?" ఆవిడ మొహంలో ఏడుపూ నవ్వూ తోసుకొచ్చి, చివరికి నవ్వే గెలిచింది. వెనక ఇరవై మందీ అందుకున్నారు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "పది రోజులు! ఎర్ర కాయను చేతులారా గోడకేసి కొట్టాను! రేపు రా బావా క్యారమ్స్‌కి. తోలు తీస్తా." అని సంచి కింద పెట్టి, అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు, అవసరమైన దానికంటే ఎక్కువసేపు. బ్యాంకు మేనేజర్లు అప్పటికే కుర్చీ గట్టు మీద దించి, అందులో ముందెవరు కూర్చోవాలన్న దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు.

నీళ్ళలో భార్యకు ఇప్పుడిప్పుడే ఊపిరి కుదురుకుంటోంది. దానితోపాటు అసలు మనిషి కూడా వెనక్కి వచ్చింది.

"బుద్ధుందా మీకు? ఈ వయసులో ఈతేంటి? చెవిలో నీళ్ళు పోయి చీము పడితే ఎవరు చూస్తారు? అసలా బూట్లు! భోజనాల బల్ల మీద బూట్లేంటండీ, ఇంగితం ఉండక్కర్లా? నాలుగు రోజులు నోరు నొక్కుకుని ఉన్నాను, ప్రాణం పోయింది నాకు!"

స్టేషన్ మాస్టరు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, కళ్ళు మూసుకుని, ప్రతి మాటా విన్నాడు. ఎంతో ఆలస్యంగా నడుస్తున్న బండి ఎట్టకేలకు ప్లాట్‌ఫాం మీదికి వచ్చి ఆగినట్టుంది ఆయనకు.

"సరే, ఇక రేపట్నుంచి ఇంట్లోనే ఉంటావుగా?" అని అడిగాడు, ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు. "పొద్దున్నే ఇద్దరం కాఫీ తాగుదాం. ఆరింటికి."

ఆవిడ కాస్త తటపటాయించింది. "ఒకటి చెప్తే కోప్పడరుగా?"

"చెప్పు."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకొకటే కోరికండీ. ఒక్కరోజు ఏడింటి దాకా పడుకోవాలని."

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఆయన కాఫీ కలిపాడు. చెంచా చప్పుడు కాకుండా, వేలితో తిప్పి. రెండు గ్లాసులు మంచం పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ లేవలేదు. ఆరున్నరకు కాఫీ వేడిచేసి తెచ్చాడు. ఏడింటికి మళ్ళీ వేడిచేశాడు. ఎనిమిదైంది. లేపబుద్ధి కాలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు.

తన భార్య ఆరు దాటాక గురక పెడుతుందన్న విషయం ఆయనకు పెళ్ళయిన నలభై మూడేళ్ళకు తెలిసింది.